మణికట్టులో నరం, కీబోర్డు మీద నేరం

హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలి వైపు చెయ్యి తిమ్మిరెక్కే ఐటీ ఉద్యోగికి సలహాలకు కొదవ లేదు. ఒక ఆర్థోపెడిక్ డాక్టరు రాత్రిపూట బ్రేస్ కట్టుకోమంటారు. ఇంకొకరు స్టెరాయిడ్ ఇంజెక్షన్ చేస్తానంటారు. మరొకరు చిన్న ఆపరేషన్‌తో వదిలిపోతుందంటారు. న్యూరాలజిస్టు ముందు నరం పరీక్ష చేయించుకు రమ్మంటారు. ఫిజియోథెరపీ క్లినిక్కు సిట్టింగుల ప్యాకేజీ చెబుతుంది. హెచ్‌ఆర్ వాళ్లు వంపు తిరిగిన కీబోర్డు తెప్పిస్తారు. ఇంట్లోవాళ్లు మెడికల్ షాపు నుంచి బీకాంప్లెక్స్ తెచ్చిపెడతారు. వీళ్లెవరూ గాల్లోంచి మాట్లాడటం లేదు. ప్రతి సలహా వెనకా ఎక్కడో ఒక పరిశోధన ఉంది. చిక్కల్లా అక్కడే వచ్చింది.

కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ మీద వాదన ఇంతగా ముడిపడటానికి ఒక కారణం, రెండు వేరువేరు ప్రశ్నల్ని కలిపి అడగడం. కంప్యూటరే ఈ జబ్బు తెచ్చిందా అన్నది ఒకటి. ఏం చేస్తే తగ్గుతుందన్నది రెండోది. మొదటిదానికి జవాబు దొరికితే రెండోది దానంతటదే తేలుతుందని ఈ ఐటీ ప్రాంతంలో, అంటే సైబరాబాద్‌లో, చాలామంది నమ్మకం. నూటయాభై ఏళ్ల పరిశోధన చరిత్ర చూస్తే ఆ నమ్మకానికి ఆధారం కనిపించదు.

నరం ఇరుకున పడే చోటు

అరచేతి మొదట్లో అడుగున ఎనిమిది చిన్న ఎముకలు, వాటి మీద అడ్డంగా బిగించినట్టు ఒక గట్టి లిగమెంటు. ఈ రెంటి నడుమ సందులోంచి వేళ్లను ముడిచే తొమ్మిది టెండన్లు, వాటితోపాటు మీడియన్ అనే నరం వెళ్తాయి. ఆ సందు సాగదు. టెండన్ల మీది పొర ఉబ్బినా, ఒంట్లో నీరు చేరినా, మణికట్టును బాగా వంచి ఉంచినా లోపల ఒత్తిడి పెరుగుతుంది. అక్కడున్న వాటిలో మెత్తనిది నరమే కాబట్టి దెబ్బ దానికి తగులుతుంది.

లక్షణాలు దాచుకునేవి కావు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో ఒక పక్క మొద్దుబారతాయి. చిటికెనవేలు మాత్రం తప్పించుకుంటుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చి, చెయ్యి మంచం పక్కకు జారేసి గట్టిగా విదిలిస్తే కాస్త తెరిపిన పడుతుంది. ముదిరితే చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతుంది, చేతిలో గ్లాసు జారిపోతుంది, బొటనవేలి మొదట్లో ఉబ్బుగా ఉండాల్సిన కండ కరిగి పల్లం పడుతుంది.

ఇంత వివరం చెప్పడానికి కారణం ఉంది. ఐటీ కారిడార్‌లో మణికట్టు నొప్పి అనగానే 'కార్పల్ టన్నెల్' ముద్ర పడిపోతుంది. బొటనవేలి వైపు టెండన్ పట్టేస్తే అది డీ కెర్వాన్ జబ్బు. చిటికెనవేలు మొద్దుబారితే మోచేతి దగ్గర అల్నార్ నరాన్ని అనుమానించాలి. మెడలో డిస్కు నొక్కినా వేళ్లకు తిమ్మిర్లు వస్తాయి. వీటన్నిటినీ ఒకే గాటన కట్టి, బ్రేస్ పనిచేసిందా లేదా అని వాదించుకుంటే తేలేదేమీ ఉండదు. చికిత్స గురించిన సగం గొడవ నిజానికి రోగ నిర్ధారణ గురించిన గొడవ.

1854 నుంచి ఇప్పటిదాకా

1854లో ఇంగ్లండ్ సర్జన్ జేమ్స్ పాజెట్, మణికట్టు ఎముక విరిగాక మీడియన్ నరం నలిగిన రోగి గురించి రాశారు. 1880లో బోస్టన్‌లో జేమ్స్ జాక్సన్ పట్నం 37 మంది రోగుల్ని వర్ణించారు. రాత్రి తిమ్మిర్లు, మెలకువలు, చెయ్యి వేలాడేస్తే ఉపశమనం అన్నీ అందులో ఉన్నాయి. అప్పటికి కీబోర్డు ముందు కూర్చుని బతికే వర్గం ఇంకా పుట్టనేలేదు. 1913లో పారిస్‌లో పియరీ మరీ, చార్లెస్ ఫా ఒక వృద్ధ రోగి శవపరీక్షలో, లిగమెంటుకు కొంచెం పైన మీడియన్ నరం ఉబ్బి ఉండటం చూశారు. ఆ లిగమెంటును ముందే కోసి ఉంటే కండ మిగిలేదేమో అని సూచించారు. చికిత్స ఆలోచన అక్కడ పుట్టింది. 1933లో జేమ్స్ లియర్‌మంత్ అలాంటి శస్త్రచికిత్సను ప్రచురించారు.

జబ్బును వైద్యలోకం అంతటికీ పరిచయం చేసింది మాత్రం అమెరికాలోని క్లీవ్‌లాండ్ సర్జన్ జార్జి ఫాలెన్. 1950 నుంచి వరుసగా రాసి, 1966లో 654 చేతుల అనుభవాన్ని ఒక్కచోట పెట్టారు. మణికట్టును ఒక నిమిషం వంచి చూసే పరీక్షకు ఆయన పేరే నిలిచింది. ఈయన రోగుల్లో ఎక్కువమంది నడివయసు ఆడవాళ్లు. చేసే పని వల్లే ఈ జబ్బు వస్తుందన్న మాటను ఫాలెన్ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత కథ డాక్టర్ల గదుల్లోంచి కోర్టులకు, కార్మిక సంఘాలకు పాకింది. 1980ల నడుమ ఆస్ట్రేలియాలో టెలికాం సంస్థ ఉద్యోగుల్లో చేతినొప్పి ఫిర్యాదులు ఉప్పెనలా వచ్చి, కొన్నేళ్లకు అంతే వేగంగా తగ్గిపోయాయి. అమెరికాలో క్లింటన్ ప్రభుత్వం 2000 నవంబరులో పనిచోట ఎర్గోనామిక్స్ నిబంధన తెస్తే, 2001 మార్చిలో కొత్త కాంగ్రెస్ దాన్ని రద్దు చేసింది. 'కంప్యూటర్ జబ్బు' అన్న బిరుదు కార్పల్ టన్నెల్‌కు స్థిరపడింది ఈ గందరగోళంలోనే. 1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తలుపులు తెరుచుకునే నాటికి ఆ బిరుదు మనకు తయారుగా దిగుమతి అయింది.

కీబోర్డు మీద విచారణ

బిరుదు ఇచ్చినంత సులభంగా రుజువు రాలేదు. 2001లో మేయో క్లినిక్ వాళ్లు తమ సంస్థలోనే కంప్యూటర్ ఎక్కువగా వాడే 257 మందిని చూశారు. లక్షణాల ప్రకారం కార్పల్ టన్నెల్ అనదగినవాళ్లు 10.5 శాతం. నరం పరీక్షలో నిజంగా తేలినవాళ్లు 3.5 శాతం. స్వీడన్‌లో ఇసాం అత్రోషి బృందం 1999లో సాధారణ జనాభాలో కనుగొన్న 2.7 శాతానికీ దీనికీ పెద్ద తేడా లేదు. 2003లో డెన్మార్క్‌లో తొమ్మిది వేలకు పైగా సాంకేతిక ఉద్యోగుల్ని ఏడాది పాటు గమనించారు. వారానికి 20 గంటలు దాటి మౌస్ పట్టుకునేవాళ్లలో లక్షణాలు కొంత పెరిగాయి కానీ, కీబోర్డుతో సంబంధం కనిపించలేదు. 2007లో అత్రోషి బృందం ఇంకో అడుగు ముందుకేసింది. రోజుకు నాలుగు గంటలు, అంతకు మించి టైపు చేసేవాళ్లలో జబ్బు 2.6 శాతం, అసలు కీబోర్డు ముట్టనివాళ్లలో 5.2 శాతం. టైపింగే కాపాడుతోందని దీనికి అర్థం కాదు. కీబోర్డు ముట్టనివాళ్లలో బరువులెత్తే, గట్టిగా పట్టుకునే పనులవాళ్లు ఎక్కువగా ఉండటమే దీనికి కారణం కావచ్చు.

ఇటువైపు చెన్నై అధ్యయనం చూస్తే లెక్క తారుమారవుతుంది. 2006లో మహమ్మద్ అలీ, సత్యశేఖరన్ అక్కడి 648 మంది కంప్యూటర్ ఉద్యోగుల్ని పరిశీలించి, 13.1 శాతం మందికి జబ్బు ఉందన్నారు. ఎనిమిదేళ్లు దాటిన అనుభవం, రోజుకు పన్నెండు గంటలు దాటిన పని ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువని తేల్చారు. దక్షిణాది ఐటీ ఆఫీసుల పరిస్థితికి దగ్గరగా ఉన్నందువల్ల మన దగ్గర ఈ అంకెనే ఎక్కువగా చెప్పుకుంటారు. స్వీడన్ అంకెకూ చెన్నై అంకెకూ అంత ఎడం ఎందుకు? తిమ్మిర్లు ఉన్నాయా అని అడిగి లెక్కేస్తే ఒక అంకె వస్తుంది, నరం పరీక్షతో లెక్కేస్తే మరొకటి. మేయో అధ్యయనంలోనే ఆ రెండు అంకెలకూ మూడు రెట్ల తేడా ఉంది. పని గంటల సంగతి మాత్రం చెన్నై వాళ్లు చెప్పింది కొట్టిపారేయలేం. 2025 జులైలో తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా, వారానికి 48 గంటల పరిమితితో పనిచేయించుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. పదీ పన్నెండుగా మారే చోట మణికట్టు లెక్క కూడా మారుతుంది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 వృత్తి జబ్బుల జాబితాలో కార్పల్ టన్నెల్ ఉంది. అయితే షరతులతో ఉంది. బలంగా, పదేపదే, చాలాకాలం చేసే పని, అదురు పుట్టించే పనిముట్లు, మణికట్టు విపరీతంగా వంగే భంగిమ. తేలిగ్గా నొక్కే కీబోర్డు ఈ వర్ణనలో ఇమడదు. 2025 దాకా అమల్లో ఉన్న మన ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఈ జబ్బు ఊసే లేదు.

పంజాగుట్ట నుంచి గచ్చిబౌలికి

ఈ జబ్బు మీద హైదరాబాద్ సొంత పరిశోధన ఐటీ కంపెనీల్లో మొదలవలేదు, పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో జరిగింది. 1999లో అక్కడి న్యూరాలజిస్టులు జె.ఎం.కె. మూర్తి, ఎ.కె. మీనా 57 చేతుల నరం పరీక్షల ఫలితాల్ని న్యూరాలజీ ఇండియా పత్రికలో ప్రచురించారు. సైబర్ టవర్స్ తెరుచుకుని అప్పటికి ఏడాది. నగరంలో ఈ జబ్బు కోడింగ్ కంటే పాతదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2008లో మీనా బృందం ఇంకాస్త సూక్ష్మమైన పరీక్ష మీద రాసింది.

ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చూస్తే, చికిత్స పరిశోధనలు ఎందుకు తగవులాడుకుంటాయో అర్థమవుతుంది. అరచేతిలో ఒక చోట ఎలక్ట్రోడ్ అతికిస్తారు. దాని కింద రెండు కండరాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. పైదానికి మీడియన్ నరం, కిందిదానికి అల్నార్ నరం. మణికట్టు దగ్గర ముందు మీడియన్‌కు, తర్వాత అల్నార్‌కు అంతే దూరం నుంచి చిన్న కరెంటు షాక్ ఇస్తారు. చెయ్యి ఉలిక్కిపడినట్టు కదులుతుంది, తెర మీద గీత లేస్తుంది. రెండూ దాదాపు ఒకే సమయంలో రావాలి. మీడియన్ గీత సుమారు అర మిల్లీసెకను ఆలస్యమైతే నరం సందులో ఇరుక్కున్నట్టు. బొటనవేలి కండ పూర్తిగా కరిగిపోయి మామూలు పరీక్షలో గీతే రానప్పుడు కూడా ఈ చిన్న కండరం పలుకుతుంది. షుగరు వల్ల నరాలన్నీ నెమ్మదించిన రోగిలో, పక్కనున్న అల్నార్‌తో పోల్చి చూసుకునే వీలు ఇస్తుంది.

ఆ చివరి మాట గచ్చిబౌలికి బాగా సంబంధించినది. 2025లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షించి సైంటిఫిక్ రిపోర్ట్స్‌లో రాశారు. 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది. 71 శాతం మంది స్థూలకాయులు. ప్రతి ఐదుగురిలో ఒకరికి పరగడుపు షుగరు హద్దు దాటింది. కాలేయం మీద చేసిన అధ్యయనమే అయినా మణికట్టు వైద్యులు దీన్ని తప్పక చదవాలి. ఎందుకంటే స్థూలకాయం, మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భధారణ, కీళ్లవాతం కార్పల్ టన్నెల్‌కు ఎప్పటినుంచో తెలిసిన కారణాలు. 2019లో బ్రిటన్ బయోబ్యాంకు సమాచారంతో 12 వేల మందికి పైగా రోగుల్ని చూసిన జన్యు అధ్యయనం 16 జన్యుస్థానాల్ని గుర్తించింది. అంటే మణికట్టు నిర్మాణంలో వంశం పాలు కూడా ఉంది.

కాబట్టి కీబోర్డుకు శిక్ష వేసినంత మాత్రాన కేసు మూతపడదు. పదేళ్లు కుర్చీలో కూర్చోబెట్టిన ఉద్యోగం బరువు ద్వారా, షుగరు ద్వారా మణికట్టును చేరుతోందన్న అనుమానం, టైపింగ్ వల్లే చెయ్యి పోయిందన్న మాట కంటే సాక్ష్యాలకు దగ్గరగా ఉంది. ఇది నా అంచనా. దీన్ని నేరుగా నిరూపించాలంటే ఇదే కారిడార్‌లో ఉద్యోగుల్ని ఏళ్ల తరబడి వెంబడించే అధ్యయనం కావాలి.

బ్రేస్, ఇంజెక్షన్, ఆపరేషన్

చికిత్సల్లో అసలు పోరు ఈ మూడింటి మధ్యే.

బ్రేస్ పాతది, చవకైనది. రాత్రి నిద్రలో మణికట్టు వంగకుండా నిటారుగా పట్టి ఉంచుతుంది. అందరూ ముందు ఇదే రాస్తారు గానీ దాని సాక్ష్యం అనుకున్నంత గట్టిది కాదు. ట్రయల్స్‌ని కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2023 సమీక్ష 29 ట్రయల్స్, 1937 మంది రోగుల్ని కలిపి చూసి, మూడు నెలల్లోపు లక్షణాల మీద ప్రభావం ఉండకపోవచ్చు, ఒకవేళ ఉన్నా స్వల్పం అని చెప్పింది. రాత్రి కట్టుకున్నవాళ్లలో 'మొత్తం మీద బాగుంది' అన్నవాళ్లు ఎక్కువ ఉండవచ్చని మాత్రం ఒప్పుకుంది. నష్టం లేనిది, ఖర్చు తక్కువది కాబట్టి కొన్ని వారాలు వాడి చూడమనడంలో తప్పు లేదు. పగలంతా బ్రేస్ బిగించుకుని కోడ్ రాయడానికి మాత్రం ఈ సాక్ష్యంలో చోటు లేదు.

ఇంజెక్షన్ మీద పరిశోధన మెరుగ్గా ఉంది. 2013లో అత్రోషి బృందం, బ్రేస్‌తో తగ్గని 111 మందిని మూడు గుంపులు చేసింది. ఒక గుంపుకు 80 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్, మరోదానికి 40, ఇంకోదానికి ఉత్త సెలైన్. పది వారాల దగ్గర స్టెరాయిడ్ గుంపులకు స్పష్టంగా హాయి దొరికింది. ఏడాది తిరిగేసరికి ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు వరుసగా 73, 81, 92 శాతం. ఇంజెక్షన్ గెలిచిందని ఒక పక్షం, ఓడిందని మరో పక్షం ఇదే ట్రయల్‌ను చూపిస్తాయి. ఇద్దరి మాటా నిజమే: మందు పనిచేసింది, కానీ ముప్పావు వంతు మందికి అది వాయిదా మాత్రమే అయింది. 2018లో బ్రిటన్‌లో 234 మందితో జరిగిన ఇన్‌స్టింక్ట్స్ ట్రయల్ కూడా ఇదే చెప్పింది. ఆరు వారాలకు 20 మిల్లీగ్రాముల ఇంజెక్షన్ బ్రేస్ కంటే మెరుగు, ఆరు నెలలకు తేడా లేదు. అమెరికా ఆర్థోపెడిక్ సర్జన్ల అకాడమీ 2024 మార్గదర్శకాలు స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో దీర్ఘకాలిక మేలు లేదని తేల్చేశాయి.

నోటిమాత్రల స్టెరాయిడ్ మీద మన దేశంలోనే ఒక ట్రయల్ ఉంది. 2006లో చండీగఢ్ పీజీఐ వైద్యులు 40 మంది రోగుల 71 చేతుల్లో బ్రేస్‌నూ ప్రెడ్నిసొలోన్ మాత్రల్నీ పోల్చారు. రెండూ పనిచేశాయి, మాత్రలు కాస్త ముందున్నాయి. షుగరు ఉన్నవాళ్లు ఎక్కువగా వచ్చే హైదరాబాద్ క్లినిక్కులో ఈ ఫలితాన్ని వాడుకోవడం అంత తేలిక కాదు. ఇంజెక్షన్ అయినా కొన్ని రోజులు షుగరును ఎగదోస్తుంది.

ఆపరేషన్ సంగతికి వస్తే, 2002లో నెదర్లాండ్స్ పరిశోధకులు 176 మందిలో సగానికి ఆపరేషన్, సగానికి ఆరు వారాల రాత్రి బ్రేస్ ఇచ్చారు. మూడు నెలలకు ఆపరేషన్ వైపు 80 శాతం, బ్రేస్ వైపు 54 శాతం బాగుపడ్డారు. పద్దెనిమిది నెలలకు 90, 75. అప్పటికి బ్రేస్ గుంపులోనూ 41 శాతం మంది ఆపరేషన్ చేయించేసుకున్నారు. మరి 2005లో స్పెయిన్ వాళ్లు 163 మణికట్టుల మీద ఇంజెక్షన్‌నూ ఆపరేషన్‌నూ పోలిస్తే, మూడు నెలలకు ఇంజెక్షన్ ముందుంది, ఏడాదికి రెండూ సమానం. అదే ఏడు హాంకాంగ్‌లో 50 మంది ట్రయల్ ఆపరేషన్‌కే ఓటేసింది. 2009 అమెరికా ట్రయల్‌లో ఆపరేషన్ నెగ్గింది గానీ, తేడా ఒక మోస్తరే.

ఈ పాత చిక్కును విప్పడానికి వచ్చిన పెద్ద ప్రయత్నం డచ్ డిస్ట్రిక్ట్స్ ట్రయల్. 2025లో లాన్సెట్‌లో వచ్చింది, 934 మంది రోగులు. దీని తెలివి ఏమిటంటే, ఒక చికిత్సను ఇంకో చికిత్సతో పోల్చలేదు. ఆపరేషన్‌తో మొదలుపెట్టి అవసరమైతే వేరేవి, ఇంజెక్షన్‌తో మొదలుపెట్టి అవసరమైతే ఆపరేషన్, అని రెండు దారుల్ని పోల్చింది. నిజ జీవితంలో జరిగేదీ అదే. పద్దెనిమిది నెలలకు ఆపరేషన్ దారిలో 61 శాతం, ఇంజెక్షన్ దారిలో 45 శాతం కోలుకున్నారు. రోగి గదిలో ఈ అంకెను చెప్పేటప్పుడు రెండో సగాన్ని కూడా చెప్పాలి: ఆపరేషన్ దారిలో కూడా పదిమందిలో నలుగురు పూర్తిగా కోలుకోలేదు. 14 అధ్యయనాల్ని కలిపి చూసిన 2024 కాక్రేన్ సమీక్ష మాత్రం ఆపరేషన్ వల్ల మేలు ఎంతో స్పష్టంగా తేలలేదని చెప్పింది.

పెద్ద కోతా, కెమెరాతో చిన్న కోతా అన్న తగవు పెద్దగా సాగదీయాల్సింది కాదు. 2014 కాక్రేన్ సమీక్ష ప్రకారం ఎండోస్కోపీ చేయించుకున్నవాళ్లు సగటున ఎనిమిది రోజులు ముందుగా పనికి వెళ్లారు. దీర్ఘకాల ఫలితం ఒకటే. ఇంట్లోంచి లాగిన్ అయ్యే ఉద్యోగికి 'పనికి వెళ్లిన రోజు' ఏదో నిర్ణయించడమే కష్టం కాబట్టి, ఆ ఎనిమిది రోజుల ఆకర్షణ నానక్‌రామ్‌గూడ ఐటీ ఆఫీసుల్లో ఇంకా పలచబడుతుంది.

యోగా, విటమిన్లు, కొత్త సూదులు

1998లో అమెరికా వైద్య పత్రిక జామాలో అయ్యంగార్ పద్ధతి యోగా ట్రయల్ వచ్చింది. 42 మంది, పదకొండు ఆసనాలు, ఎనిమిది వారాలు. పట్టు పెరిగింది, నొప్పి తగ్గింది. నరం వేగంలో మార్పు రాలేదు. ఆ ట్రయల్ పేరు చెప్పి క్లాసులు అమ్మేవాళ్లు ఆ చివరి వాక్యానికి ముందే ఆగిపోతారు. 2015లో స్పెయిన్‌లో 120 మంది ఆడవాళ్ల మీద జరిగిన ట్రయల్ మెడ నుంచి మణికట్టు దాకా చేత్తో చేసే ఫిజియోథెరపీని ఆపరేషన్‌తో పోల్చింది. ఏడాదికి రెండూ సమానమంది. ఫిజియోథెరపిస్టులకు ఇది గట్టి వాదన. సర్జన్లు ఎన్నిసార్లు కొట్టిపారేసినా, ట్రయల్ పద్ధతిగా జరిగింది కాబట్టి దీనికి జవాబు ఇంకో ట్రయల్‌తోనే చెప్పాలి.

విటమిన్ బి6 మీద ట్రయల్స్ మేలు చూపలేదు. పైగా మోతాదు మించితే అదే బి6 నరాల్ని దెబ్బతీస్తుంది. తిమ్మిర్లకు తెచ్చుకున్న మాత్ర తిమ్మిర్లు తేవడం వింతే. నొప్పి మాత్రలు, నీరు తీసే మాత్రలు ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగు కాదని 1998లో తైవాన్ ట్రయల్ చూపించింది. అదే తైవాన్ నుంచి 2017లో 49 మందితో వచ్చిన ట్రయల్, అల్ట్రాసౌండ్ చూస్తూ నరం చుట్టూ అయిదు శాతం డెక్స్‌ట్రోజ్ ఎక్కిస్తే ఆరు నెలలు ఉపశమనం ఉందని చెప్పింది. ఆసక్తికరమే, ఇంకా చిన్నదే. రోగి రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్ పీఆర్పీకి దీర్ఘకాల మేలు లేదని అమెరికా సర్జన్ల 2024 మార్గదర్శకాలు చెప్పాయి. మన కార్పొరేట్ క్లినిక్కుల బోర్డుల్లో ఆ మాట కనబడదు.

హెచ్‌ఆర్ కీబోర్డు సంగతి చివర మిగిలింది. చికిత్సగా ఎర్గోనామిక్ కీబోర్డుల మీద 2012 కాక్రేన్ సమీక్షకు దొరికినవి రెండు ట్రయల్స్, 105 మంది రోగులు. అంతే. సరైన కుర్చీ, సరైన ఎత్తు మెడకూ నడుముకూ మేలు చేయవచ్చు. కార్పల్ టన్నెల్ నయం చేస్తాయని చెప్పడానికి మాత్రం సరుకు లేదు.

ఏ చేతికి ఏది

ఇన్ని ట్రయల్స్‌ని ఒక్క వరుసలో పెట్టి గెలుపోటములు లెక్కేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. అవి వేరువేరు చేతుల మీద జరిగాయి. పోల్చాల్సింది తీవ్రతను బట్టి.

అప్పుడప్పుడూ రాత్రి తిమ్మిర్లు, పగలు పట్టు బాగానే ఉన్న చెయ్యి: ఇక్కడ అన్ని పక్షాల తేడాలూ చిన్నవి. కొందరికి ఏమీ చేయకపోయినా తగ్గుతుంది. గర్భంతో వచ్చినది చాలామందిలో ప్రసవం తర్వాత సర్దుకుంటుంది. రాత్రి బ్రేస్, థైరాయిడ్, షుగరు పరీక్షలు, బరువు మీద శ్రద్ధ. ఇంతకు మించి చేయబోయేవాళ్లు ఎందుకో చెప్పాలి. నెలల తరబడి రోజూ తిమ్మిరెక్కుతూ నిద్ర చెడగొట్టే చెయ్యి: అసలు వాదన ఉన్నది ఇక్కడే. ఇంజెక్షన్ నెలల ఊరటనిస్తుంది, ఆపరేషన్ ఎక్కువ మందికి ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రాజెక్టు గడువు, ప్రసవం, షుగరు అదుపు లాంటివి దాటడానికి కొన్ని నెలలు కావలసినవాళ్లకు ఇంజెక్షన్ నిజాయితీ గల ఎంపిక. ఎప్పటికీ నయం చేస్తానంటే మాత్రం కాదు. కండ కరిగిన చెయ్యి, ఎప్పుడూ మొద్దుబారి ఉండే వేళ్లు: ఇక్కడ పక్షాలు లేవు. ఆలస్యమైతే నరం తిరిగి రాదు. ఈ దశలో సిట్టింగుల ప్యాకేజీ అమ్మడం అన్యాయం.

షుగరు ఉన్నవాళ్లకు ఆపరేషన్ దండగ అన్న పాత మాటకు 2009లో స్వీడన్ సర్జన్లు జవాబిచ్చారు. షుగరు ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇద్దరికీ దాదాపు ఒకే మేలు కలిగింది.

తేలకుండా ఉన్నవి

ఆపరేషన్‌కు ముందు నరం పరీక్ష తప్పనిసరా అన్నది ఒక పెద్ద తగవు. 2006లో టొరంటో సర్జన్ బ్రెంట్ గ్రాహం ఆరు అంశాల పట్టిక తయారుచేశారు. లక్షణాలూ చేతి పరీక్షలూ కలిపి మార్కులేసేది. 2024 అమెరికా మార్గదర్శకాలు దీన్నే వాడుకుని, మామూలు కేసుల్లో నరం పరీక్ష లేకపోయినా పర్లేదన్నాయి. సైబరాబాద్‌లో ఈ సలహాను అలాగే దించుకోవడం నాకు సమంజసంగా కనిపించదు. షుగరు నరాల జబ్బు ఎంతమందిలో కలగలిసి ఉందో టొరంటో పట్టిక అడగదు. మీనా బృందం రాసిన ఆ చిన్న కండరం పరీక్ష ఉపయోగపడేది సరిగ్గా అలాంటి చేతులకే.

రెండోది డబ్బు. కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సు మామూలుగా ఆసుపత్రిలో చేరితేనో డే కేర్ ఆపరేషన్ అయితేనో చెల్లిస్తుంది. ఔట్ పేషెంటుగా తీసుకునే ఇంజెక్షన్, ఫిజియోథెరపీ, బ్రేస్ చాలా పాలసీల్లో సొంత జేబు నుంచే. చవకైన చికిత్స రోగికి ఖరీదుగానూ, ఖరీదైనది ఉచితంగానూ కనిపించే చోట, ట్రయల్స్ చెప్పిన క్రమం తలకిందులవుతుంది. ఈ వంకర పరిశోధన పత్రాల్లో ఎక్కడా కనిపించదు.

మూడోది, ఈ వాదనంతా ఎవరి చేతుల గురించన్నది. 2022-23 లెక్కల ప్రకారం తెలంగాణలో ఐటీ ఉద్యోగులు తొమ్మిది లక్షలు దాటారు. అదే అద్దాల మేడల్లో తడిగుడ్డ పిండి నేల తుడిచేవాళ్లు, క్యాంటీన్లో పెద్ద గిన్నెలు తోమేవాళ్లు, డ్రిల్లింగ్ యంత్రం పట్టుకుని కొత్త టవరు కట్టేవాళ్లు ఉన్నారు. కార్మిక సంస్థ జాబితా షరతులు, అంటే బలం, అదురు, వంపు, వీళ్ల పనికి అక్షరాలా సరిపోతాయి. స్వీడన్ అంకెల్లో కీబోర్డు ముట్టని 5.2 శాతం లాంటివాళ్లు ఇక్కడ వీళ్లే. ఆపరేషన్ అయ్యాక అరచేతి రెండు పక్కలా నొక్కితే నొప్పి కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. టైపు చేసేవాళ్లు వారం రెండు వారాల్లో మెల్లగా మొదలుపెట్టొచ్చు. బకెట్ ఎత్తేవాళ్లకు నెల, నెలన్నర పైగా కావాలి. నెలకు 21 వేల లోపు జీతం ఉండి ఈఎస్ఐ కార్డు ఉంటే సనత్‌నగర్ ఆసుపత్రిలో ఆపరేషన్‌కు డబ్బు కట్టక్కర్లేదు. సెలవు రోజులకు జీతంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల దాకా వస్తుంది. కాంట్రాక్టరు మారినప్పుడల్లా చందా ఆగిపోయినవాళ్లకు మాత్రం ఆ లెక్క మళ్లీ మొదటికొస్తుంది.